ఎర్ర ఇంకు దేన్ని లెక్కపెడుతుంది?

గురజాడ అప్పారావు 1914లో మద్రాసు యూనివర్సిటీకి ఇచ్చిన 'మినిట్ ఆఫ్ డిసెంట్' అనగానే మనకి గుర్తొచ్చేది వ్యావహారిక భాషోద్యమం. గ్రాంథికం ఓడింది, వాడుకభాష గెలిచింది, కథ అయిపోయింది అనుకుంటాం. కానీ ఆ తగాదా పరీక్ష హాల్లో మొదలైంది. విద్యార్థి రాసిన తెలుగు వ్యాసంలో దేన్ని తప్పనాలి, దేనికి మార్కు వెయ్యాలి అన్నది అసలు ప్రశ్న. ఆ కోణంలో చదివితే, ఆ కథ ఇంకా అయిపోలేదనిపిస్తుంది.

జరిగింది క్లుప్తంగా ఇది. 1912–13లో స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయొచ్చని బోర్డు చెప్పింది. పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులు ముందుండి నడిపిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడింది. యూనివర్సిటీ వేసిన కాంపోజిషన్ సంఘంలో గిడుగు రామమూర్తి, గురజాడ లాంటి కొద్దిమంది ఒకవైపు, మెజారిటీ ఇంకోవైపు. గురజాడ అసమ్మతి అక్కడ పుట్టింది. ఇచ్చిన వెసులుబాటు 1914లోనే వెనక్కి పోయింది. మరుసటి ఏడాది నవంబర్ 30న గురజాడ చనిపోయారు.

గురజాడ వాదన సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: పద్యాల కోసం పెరిగిన పాతభాషని వచనానికి తొడిగి, ఎవరూ మాట్లాడని ఆ భాషలో పిల్లాణ్ణి ఆలోచించమంటే, వాడి శక్తంతా రూపాలు గుర్తుపెట్టుకోవడానికే అయిపోతుంది. చెప్పాల్సిన విషయానికి ఏమీ మిగలదు. 1933లో గిడుగు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'లో ఇంకో అడుగు ముందుకేసి, గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే గ్రాంథికం తప్పులు ఏరి చూపించారు. పేపర్ దిద్దేవాళ్ళ పేపర్‌నే దిద్దిపెట్టారన్నమాట.

మా ఆఫీసుల్లో కోడ్ రాయగానే లింటర్ అనే టూల్ ఒకటి నడుస్తుంది. ఖాళీలు, బ్రాకెట్లు, పేర్లు పెట్టే పద్ధతి చూసి ఎర్రగీతలు పెడుతుంది. ప్రోగ్రామ్ చెయ్యాల్సిన పని చేస్తోందా లేదా అన్నది దానికి పట్టదు. అది తేలాలంటే టెస్టులు కావాలి, ఇంకో మనిషి కూచుని చదవాలి. 1914లో పండితులు అడిగింది లింటర్‌నే పరీక్ష చెయ్యమని. దాని రూల్‌బుక్ చిన్నయసూరి 'బాలవ్యాకరణం'.

అలాగని వాళ్ళ వైపు అసలు న్యాయమే లేదనలేను. ఒక ఊళ్ళో రాసిన పేపర్‌ని ఎక్కడో కూచున్న ముక్కూమొహం తెలియని మనిషి దిద్దుతాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పుస్తకం ఉంటే, మార్కు తగ్గినవాడు సూత్రం చూపించి వాదించొచ్చు. మరి వాడుకభాషకి పుస్తకం ఏది? గిడుగు ఇచ్చిన జవాబు 'శిష్టజన వ్యవహారం'. చదువుకున్నవాళ్ళు మాట్లాడేదే ప్రమాణం. ఏ ఊరి చదువుకున్నవాళ్ళు అన్నది కాలం తేల్చింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, రేడియో కలిసి దాన్ని ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల మాటగా స్థిరపరిచాయి. గ్రాంథికం పుస్తకం చదివితే వచ్చేది. ఈ కొత్త ప్రమాణం రావాలంటే తగిన ఇంట్లో పుట్టాలి.

నేను పెరిగింది మార్కాపురంలో. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఆ తరవాత ఒంగోలు జిల్లాలో కలిశాయి, దాన్నే 1972లో ప్రకాశం అన్నారు. కాగితం మీద జిల్లా మారింది గానీ మాట నల్లమల అంచునే ఉండిపోయింది. ఒంగోలువాళ్ళకి మేం సీమవాళ్ళం, కర్నూలువాళ్ళకి కోస్తావాళ్ళం. ఎన్నో బడుల్లో పిల్లలు అఆలు దిద్దిన పలకలు మా ఊరి రాయే. రాయి మాది, దానిమీద రాసింది ఒప్పో తప్పో చెప్పే అధికారం ఇంకెక్కడిదో.

హైస్కూల్లో నేను రాసిన ఒక వ్యాసంలో 'కసువు' అన్న మాట కింద ఎర్రగీత పడింది. పైన 'చెత్త' అని దిద్ది ఉంది. అర మార్కు పోయింది. తమాషా ఏంటంటే బ్రౌన్ నిఘంటువులో 'కసవు' ఉంది, గడ్డి అనీ, ఊడ్చిన చెత్త అనీ అర్థాలతో. అంటే గ్రాంథికం రోజుల్లో ఈ మాట గట్టెక్కేదేమో. వాడుకభాష గెలిచిన తరవాత, మా ఇళ్ళల్లో రోజూ వాడుతున్న మాట వాడుకభాష కాకుండా పోయింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వచ్చింది. రైతుల నోళ్ళలోంచి ఏరిన మాటలు అవి. ఇలాంటి మాట కోశంలో ఉంటే సంపద, జవాబుపత్రంలో ఉంటే తప్పు.

'శ్రమ' మీద వ్యాసం రాయమన్నారనుకుందాం. నేనే కల్పించిన రెండు జవాబులు చూడండి. ఒకటి: "మానవ జీవితంలో శ్రమకు ఎంతో ప్రాముఖ్యత కలదు." రెండు: "మా నాయన పలకల గనికి పోయినాక మాయమ్మ కసువు ఊడ్చి ఆడనే కూచోని పలకలకు చెక్కలు బిగించేది." మొదటి వాక్యం గైడులోది. రాసినవాడికి శ్రమ గురించి తెలిసిందేమిటో అందులో లేదు. పైగా 'ప్రాముఖ్యం' అంటే సరిపోయేదానికి ఇంకో 'త' తగిలించడం వ్యాకరణం ప్రకారం తప్పే. అయినా దానిమీద గీత పడదు, ఎందుకంటే అది పుస్తకం మాటలా వినిపిస్తుంది. రెండోదానిలో ఒక ఇల్లుంది, ఇద్దరు మనుషులున్నారు, పని ఏ వరసలో జరుగుతుందో ఉంది. గీతలు మాత్రం 'పోయినాక', 'మాయమ్మ', 'కసువు', 'ఆడనే', 'కూచోని' అన్నిటికిందా పడతాయి. ఎర్ర ఇంకు లెక్కపెట్టేది భాషలో తప్పులనే అయితే 'ప్రాముఖ్యత' దగ్గర ఎందుకు ఆగలేదు? అది చూసేది రాసినవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడన్నది.

అలాగైతే ఏం రాసినా మార్కులివ్వాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఎవరు ఏం చేశారో తెలియకుండా వాక్యం తడబడితే మార్కు తగ్గించాలి. ముందు చెప్పినదానికి తరవాతది అతక్కపోతే తగ్గించాలి. గీత పెట్టబోయే మాట దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నాకు ఇది అర్థం కాలేదా, లేక మా ఇంట్లో ఇలా అనమా? మొదటిదైతే విద్యార్థి బాకీ, రెండోదైతే దిద్దేవాడి బాకీ.

ఈ బాకీ పంతుళ్ళది మాత్రమే కాదు. కొత్తవాళ్ళ కథ చదివి "విషయం బాగుంది, భాష ఇంకాస్త సాపు చేసుకోవాలి" అనే మన అలవాటు కూడా ఆ పాత కాంపోజిషన్ సంఘం నుంచి వచ్చిందే. గిద్దలూరు నుంచి కథ పంపే కుర్రాడో అమ్మాయో ఆ మాట నమ్మి, మనం మెచ్చుకునేదాకా తమ వాక్యాలని అరగదీస్తారు. అప్పుడు మన చేతికొచ్చే కథలో తప్పులేమీ ఉండవు, గిద్దలూరూ ఉండదు.