మెదడుకు మాటే బలం

హైదరాబాద్‌లో పెరిగిన తెలుగువాళ్లకు ఉర్దూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, ఇరానీ హోటల్లో అదే అబ్బుతుంది. నాకూ అలాగే వచ్చింది. యాభై దాటాక ఆ భాషను పనిగట్టుకుని మాట్లాడుతున్నాను. సాయంత్రం నడక, దారిలో దర్జీ సాబ్‌తో కాసేపు ముచ్చట. ఇదే నా సాధన.

దీని వెనుక మన నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధన ఉంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, ఆపైన భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనిపించడం నన్ను కదిలించింది. చదువుకు నోచుకోని మనిషికి బజారు మాట అండగా నిలిచిందన్నమాట. నోరు విప్పిన ప్రతిసారీ మెదడు ఒక భాషను ఎంచుకుని రెండోదాన్ని ఆపి ఉంచాలి. ఆ పనే దానికి కసరత్తు అని పరిశోధకుల అభిప్రాయం.

వేరే దేశాల్లో చేసిన కొన్ని అధ్యయనాల్లో ఇంత తేడా కనిపించలేదు. భాష ఒక్కటే కాపాడుతుందని నేను అనను. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలను గుర్తించింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, ఒళ్లు కదలకపోవడం, ఒంటరితనం, వినికిడి లోపం వాటిలో కొన్ని. అన్నిటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని దాని అంచనా.

వీటిలో మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది చెవి. కళ్లజోడుకు వెనకాడని పెద్దాయన చెవి మిషన్ అంటే నామోషీ పడతాడు. వినపడక పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గిస్తాడు. ఒకటికి నాలుగుసార్లు చెప్పలేక ఇంట్లోవాళ్లూ మాటలు తగ్గిస్తారు. అలా వినికిడి లోపం ఒంటరితనాన్ని వెంటబెట్టుకొస్తుంది. ఎన్ని భాషలు వచ్చినా, పలకరించే మనిషి లేకపోతే ఏ భాషలో మాట్లాడతాడు?

అందుకే బీపీ చూపించేటప్పుడే అమ్మానాన్నలకు చెవి పరీక్ష కూడా చేయించండి. అవసరమైతే మిషన్ కొనివ్వండి, అలవాటయ్యేదాకా పక్కనుండండి. వాళ్లకు వచ్చిన భాషల్లో, వాళ్ల యాసలో రోజూ కబుర్లు చెప్పించుకోండి. నడివయసులో ఉన్న మనం మన చెవులు, మన బీపీ, మన స్నేహాలు కూడా ఇప్పటినుంచే చూసుకోవాలి. ఈ జబ్బుకు బీజం ముసలితనానికి చాలా ముందే పడుతుంది. జాగ్రత్త కూడా అంత ముందే మొదలవ్వాలి.