చెవిలో చెప్పే దారి

ఊరు నడిచి చూసేవాళ్ల కోసం ఫోన్లో వినే కథనాలు రికార్డు చేసేవాళ్ల పనితనమంటే నాకెంతో ఇష్టం. మలుపుకు ముందే హెచ్చరించాలి, చూడమని చెప్పి చూసేంతసేపూ ఊరుకోవాలి. బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) ఆ పనికి గట్టి పరీక్షే. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పైన సయనైడ్ దిబ్బలు మిగిలాయి, తక్కినదంతా గొంతే చూపించాలి. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం కరెంటు బెంగళూరు వీధులకన్నా ముందు ఇక్కడికే వచ్చింది. గని లోపలి నుంచి ఎన్ని గంటలు కొట్టారో విని, దాన్నిబట్టి మనుషులున్న బోనును పైకో కిందికో నడిపేవాడు వైండింగ్ డ్రైవర్. ఎంత నిబ్బరం కావాలి! ఆ గంటల లెక్క తెలిసిన పెద్దలు ఉండగానే, తెలుగూ తమిళమూ కలగలిసిన వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలి.