వెళ్లాలా, ఆగాలా

చేపల వేటలో కష్టమంతా వల లాగడంలోనే ఉంటుందని ఒడ్డు మీద ఉండేవాళ్లం అనుకుంటాం. నా దృష్టిలో అంతకంటే బరువైన పని వల తడవకముందే అయిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి ఇసుకలో నిలబడి, ఇవాళ వెళ్లాలా ఆగాలా అని తేల్చుకోవడమే ఆ పని.

ఉప్పాడ నుంచి శ్రీకాకుళం దాకా ఏ పల్లెలోనైనా పెద్దవాళ్లు సముద్రాన్ని చదివే తీరు చూడాలి. గాలి ఏ మూల నుంచి వస్తోంది, అల ఎంత దూరంలో విరుగుతోంది, నీటి రంగు ఏమిటి, పక్షులు ఎక్కడ దిగుతున్నాయి అని ఒక్కొక్కటీ గమనిస్తారు. లోపలికి వెళ్లాక వల తాడు ఎటు వాలిందో చూసి అడుగున నీరు ఎటు లాగుతోందో చెప్పేస్తారు. బడిలో నేర్పని ఈ విద్యలో ఆరితేరడానికి సగం జీవితం పడుతుంది. దీని మీద నాకున్న గౌరవం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంది.

ఆ విద్యకు ఆధారం ఏటా ఒకే క్రమంలో వచ్చే కాలాలు. ఇప్పుడు ఆ క్రమమే కదిలిపోయింది. ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీరు 1951 నుంచి 2015 లోపు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. ఒక డిగ్రీయే కదా అనిపించవచ్చు. బంగాళాఖాతం అసలే వెచ్చని సముద్రం. ఆ వేడే వాయుగుండానికి బలం.

కానాగంతల సంగతి చూడండి. పైనీరు వేడెక్కేకొద్దీ ఈ చేప లోతుకు దిగుతోందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. ఒకప్పుడు పైనీటి వలలకు చిక్కేది, ఇప్పుడు అడుగు ఈడ్చే ట్రాలర్లకు మునుపటికంటే ఎక్కువగా పడుతోంది. నలుగురైదుగురు వెళ్లే మర తెప్ప వల ఎక్కువగా నీటి పైభాగంలోనే వేలాడుతుంది. చేప సముద్రంలోనే ఉంది, కానీ ఆ తెప్పకు అందడం లేదు. వాతావరణ మార్పు అందరికీ సమానంగా రాదని నాకు ఈ చేప చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు. మరోవైపు, ఒకప్పుడు ప్రధానంగా మలబారు తీరానికే పరిమితమైన నూనె కవళ్లు 1990ల నుంచి మన తీరంలోనూ కనిపిస్తున్నాయి. వాటిని వదలకుండా పట్టి, మంచులో పెట్టి కేరళ లారీలు ఎక్కిస్తున్నారు. కొత్త చేపకు తగిన వల, కొత్త బేరం వెతుక్కోవడం వీళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఫోన్లనూ అంతే చొరవగా అందుకున్నారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని బట్టి చేపలు చేరే చోట్లను లెక్కగట్టి, ఒడ్డు నుంచి ఎటు, ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులోనూ పంపిస్తుంది. మంచి సాయమే. కానీ ఆ చోటు చాలా దూరమైతే చిన్న ఇంజను తెప్పకు చమురు ఖర్చే దిగులు. మబ్బు పట్టిందంటే ఉపగ్రహానికి నీరు కనబడదు. అప్పుడు మళ్లీ పాత చూపే దిక్కు. అందుకే ఫోను వచ్చింది కదా, పెద్దవాళ్ల విద్యతో ఇక పనేముందని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

ఒడ్డు సంగతి ఇంకో కష్టం. ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ గుడులనూ తీసుకుపోవడం గురించి అందరూ రాశారు. ఇసుక పోతే ఏమవుతుందో మాత్రం తక్కువ రాశారు. తెప్ప ఎక్కించేది, వల బాగుచేసేది, చేప ఎండబెట్టేది ఆ ఇసుక మీదే. ఒడ్డున రాళ్లు పోస్తే ఊరికి రక్షణే, కానీ తెప్ప దిగడానికి దారి ఉండదు. కోతకు వాతావరణం ఒక్కటే కారణం కాదు, గోదావరి తెచ్చే ఒండ్రును ఆనకట్టలు ఆపడమూ, తీరం వెంట కట్టడాలు ఇసుక నడకను మార్చడమూ ఉన్నాయి. అది కూడా చెప్పాలి. ఇక నెత్తళ్లు ఎండబోసిన ఆడవాళ్లకు కాలం కాని కాలంలో ఒక్క జల్లు పడితే చాలు, అప్పు తెచ్చి కొన్న సరుకంతా పాడవుతుంది. ఎత్తుగా కట్టిన ఎండబెట్టే అరుగులు కొన్ని చోట్ల ఉన్నాయి. ప్రతి పల్లెలోనూ ఉండాలి.

సొంత తీరంలో బతుకు కుదరనివాళ్లు ఊరు వదిలి గుజరాత్ వెరావల్ దాకా వెళుతున్నారు. అలా వెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్రవాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు.

తెల్లవారుజామున తేల్చుకునే ఆ మాట దగ్గర ఇప్పుడు అసలు చిక్కు ఉంది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను వేటలో ఉన్న ఎందరినో మింగేసింది. ఆనాటితో పోలిస్తే ఇవాళ్టి హెచ్చరికలు ఎన్నో ప్రాణాలు నిలబెడుతున్నాయి. ఇది నిజమైన విజయం. అయితే ఆ హెచ్చరిక చాలాసార్లు పశ్చిమ మధ్య బంగాళాఖాతం మొత్తానికి వస్తుంది. ఊరి ముందు సముద్రం నూనె పోసినట్టు ఉన్నా తెప్ప కదలకూడదు. ఆ రోజు చమురు మిగులుతుంది, కానీ అప్పు మీద వడ్డీ ఆగదు. ఊరిని బట్టి లెక్క మారినా, ఖర్చులు పోను తెప్పకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు పంచుకునే బతుకులో వెళ్లని రోజు ఎవరికీ పాలు లేదు. అలాంటి రోజులు పెరిగేకొద్దీ కొందరు హెచ్చరికను కాదని వెళతారు. వాళ్లను మొండివాళ్లని నేను అనలేను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి మన రాష్ట్రంలో భృతి ఉంది, 2025లో దాన్ని 20,000 రూపాయలు చేశారు. పెద్ద తుపాను వస్తే బియ్యం ఇస్తారు. చిన్న వాయుగుండాలకు ఆగిన రోజులకు మాత్రం లెక్కే లేదు. కేరళ ప్రభుత్వం 2021లో, వాతావరణం బాగాలేక ఆ అక్టోబరు, నవంబరుల్లో పని పోగొట్టుకున్న మత్స్యకార కుటుంబాలకు 3,000 రూపాయల చొప్పున ఇచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆగిన రోజును నష్టంగా ఒప్పుకుంది. మన పల్లెల్లో రోజూ పడిన చేపను నమోదు చేసే సాగరమిత్రలు ఉన్నారు. హెచ్చరిక విని ఏ రోజు ఎన్ని తెప్పలు ఒడ్డునే ఆగాయో కూడా వాళ్ల చేతే రాయించి, ఆగిన రోజులకు భృతిని ఆ లెక్క ప్రకారం ఇవ్వడం ఈ నవంబరు నుంచే మొదలుపెట్టొచ్చు.