లైనక్స్ కోర్, విండోస్ మినీడంప్: ఏది ఎక్కువ చెబుతుంది?

క్రాష్ డంప్ తెరవగానే అందరి కళ్ళూ కూలిన థ్రెడ్ మీదికే పోతాయి. విండోస్‌లో విన్‌డీబీజీకి 'ఎనలైజ్' కమాండ్ ఇస్తే ఏ ఫంక్షన్‌లో కూలిందో తనే చెప్పేస్తుంది. లైనక్స్ జీడీబీ కూలిన ఫ్రేమ్‌ను మాత్రం చూపించి ఊరుకుంటుంది. 'థ్రెడ్ అప్లై ఆల్ బీటీ' అని మనమే అడిగి, ఒక్కో థ్రెడ్ స్టాకూ మనమే చదువుకోవాలి. అందుకే కొత్తవాళ్ళు విండోసే నయమంటారు. ప్రోగ్రామ్‌లో ఒకే థ్రెడ్ ఉంటే నేనూ ఒప్పుకుంటాను. థ్రెడ్లు పెరిగేకొద్దీ కూలేది ఒకటి, కూల్చేది ఇంకొకటి. ఆ రెండోదాని గురించి ఏ డంప్ ఎంత చెబుతుందన్నదే నా గీటురాయి.

లాకుల సంగతి చూద్దాం. లైనక్స్‌లో ప్రోగ్రామ్ బిగుసుకుపోయినప్పుడు తీసిన కోర్ డంప్‌లో ఒక థ్రెడ్ ఎదురుచూస్తున్న మ్యూటెక్స్‌ను ప్రింట్ చేస్తే, 'ఓనర్' అన్న చోట ఒక అంకె కనిపిస్తుంది, 4127 అనుకుందాం. 'ఇన్ఫో థ్రెడ్స్' జాబితాలో ఆ నంబరున్న థ్రెడ్‌ను పట్టుకుని స్టాక్ చూస్తే, అది ఇంకో లాక్ కోసం కాచుకుని ఉంటుంది. ఆ లాక్ ఓనర్ మనం మొదలుపెట్టిన థ్రెడ్డే అయితే డెడ్‌లాక్ తేలిపోయినట్టే. విండోస్ క్రిటికల్ సెక్షన్ కూడా ఓనర్‌ను రాసుకుంటుంది. పైగా పూర్తి మెమరీ ఉన్న డంప్ అయితే 'లాక్స్' అన్న ఒక్క కమాండ్‌తో జాబితా వస్తుంది. ఇక్కడ విండోస్‌దే పైచేయి. కానీ విస్టాతో వచ్చిన ఎస్‌ఆర్‌డబ్ల్యూ లాక్ ఒక పాయింటరంత చిన్నది, ఎవరు పట్టుకున్నారో గుర్తుపెట్టుకోదు. వేగం కోసం చేసిన ఆ పొదుపు డంప్ చదివేవాడి నెత్తిన పడుతుంది. లైనక్స్ రీడ్-రైట్ లాక్ మాత్రం రాసే థ్రెడ్‌ను గుర్తుంచుకుంటుంది, చదివేవాటిని వదిలేస్తుంది.

డేటా రేస్ దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. ఒక థ్రెడ్ ఆబ్జెక్ట్ తయారుచేసి, పాయింటర్ రాసి, ఆ తర్వాత ఫ్లాగ్ పెడుతుంది. రెండోది ఫ్లాగ్ చూసి పాయింటర్ వాడుకుంటుంది. కంపైలర్ ఆ వరుసను కదపకపోతే ఇంటెల్ ప్రాసెసర్ మీద ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక థ్రెడ్ రాతలు రాసిన వరుసలోనే మిగతావాటికి కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. ఫ్లాగ్ ముందు కనిపించి, పాయింటర్ ఇంకా సున్నాగా ఉన్నప్పుడే రెండో థ్రెడ్ దాన్ని చదివి కూలిపోతుంది. తీరా డంప్ తెరిస్తే మెమరీలో పాయింటర్ సరిగ్గానే ఉంటుంది! అప్పుడు చూడాల్సింది రిజిస్టర్. చదివిన క్షణంలో దొరికిన సున్నా అందులో అలాగే మిగిలిపోయింది. సరైన విలువ మెమరీలోకి ఆ తర్వాత చేరింది. రిజిస్టర్ ఒకటి, మెమరీ ఒకటి చెబుతున్నాయంటే రేస్‌నే గట్టిగా అనుమానించాలి.

లైనక్స్ కోర్‌లో మామూలుగా హీప్ ఉంటుంది కాబట్టి ఈ పోలిక కుదురుతుంది. విండోస్ మామూలు మినీడంప్‌లో స్టాకులు, రిజిస్టర్లు ఉంటాయి, హీప్ ఉండదు. పోల్చడానికి రెండో సాక్షే లేదన్నమాట. మ్యాక్ క్రాష్ రిపోర్టయితే మరీ పలచన: అన్ని థ్రెడ్ల స్టాకులూ ఇచ్చి, రిజిస్టర్లు కూలినదానివి మాత్రమే చూపిస్తుంది.

అయితే డంప్ ఊరు దాటాలంటే కథ తిరగబడుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ పని కోసం జంషెడ్‌పూర్ వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. వాళ్ళలో ఒకరు అక్కడి కాసిడీహ్ పేటలో ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్ క్రాష్ చూడాలనుకోండి. మినీడంప్ మెయిల్లో వచ్చేస్తుంది, సింబల్ సర్వర్ సరిపోయే పీడీబీ సింబల్ ఫైలును వెతికిచ్చేస్తుంది. లైనక్స్ కోర్ గిగాబైట్లలో ఉండొచ్చు, పైగా లైబ్రరీల కోడ్ మామూలుగా అందులో ఉండదు. సర్వర్ మీద ఉన్నది ఒక లిబ్‌సీ, ఇంట్లో ఉన్నది ఇంకొకటి అయితే స్టాక్ నిండా ప్రశ్నార్థకాలే. 2005లో వచ్చిన సొలారిస్ 10 లైబ్రరీ కోడ్‌ను కూడా కోర్‌లోనే పెట్టేది; ఆ పద్ధతిని లైనక్స్ మామూలు అలవాటుగా అందుకోకపోవడం నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది. బిల్డ్-ఐడీ చూసి సింబల్స్ తెచ్చే డీబగ్‌ఇన్ఫోడీ 2019లో వచ్చాక డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీల వరకు బెడద తగ్గింది. కస్టమర్ సొంతంగా కట్టుకున్న లైబ్రరీలకు, వాళ్ళే ఆ సర్వర్ నడపకపోతే, అది పనికిరాదు.

అందుకే విండోస్ కస్టమర్‌ను స్టాక్‌లోని పాయింటర్లు చూపించే మెమరీని కూడా కలిపి మినీడంప్ తీయమని అడగాలి. సైజు కొంచెం పెరిగినా రేస్ సాక్ష్యం చాలావరకు దక్కుతుంది. లైనక్స్ కస్టమర్‌ను కోర్‌తో పాటు ఆ రోజు సర్వర్ మీదున్న లైబ్రరీలన్నీ పంపమనాలి, వాళ్ళు అప్‌డేట్ నొక్కేలోపే.