రాతికీ దిక్కులున్నాయి

చమురు కోసమో గ్యాస్ కోసమో బావి తవ్వేవారికి ముందుగా కావలసింది లోతు. నేల మీద డైనమైట్‌తోనో, సముద్రంలో ఎయిర్‌గన్‌తోనో పుట్టించిన తరంగం కిందికి దిగి, రాతిపొరలకు తగిలి పైకి తిరిగొస్తుంది. పైన పరిచిన పరికరాలు నమోదు చేసేది ఆ రాకపోకలకు పట్టిన కాలాన్ని, లోతును కాదు. కాలాన్ని లోతుగా మార్చాలంటే వేగం తెలియాలి. సైస్మిక్ చిత్రణలోని చిక్కంతా అక్కడే ఉంది. ఒక పొరలో తరంగం ఎటు పోయినా ఒకే వేగంతో పోతుందన్న ఊహ మీదే ఈ లెక్కలు చాలాకాలం నడిచాయి. దిశను బట్టి వేగం మారడాన్ని అనైసోట్రోపీ అంటారు. దాన్ని లెక్కలోకి తీసుకున్నాక చిత్రాలు మెరుగుపడిన మాట నిజమే. అయితే పైనుంచి చేసే కొలతకు ఏది అందుతుందో, ఏది అందదో తేల్చి చెప్పడమే ఈ శాస్త్రం చేసిన అసలు మేలు.

వేగ విశ్లేషణ పద్ధతి సూటిగానే ఉంటుంది. భూమిలోని ఒకే బిందువు నుంచి తిరిగొచ్చే తరంగాలను వేర్వేరు దూరాల్లో పట్టుకుంటారు. తరంగం పుట్టిన చోటికీ పరికరానికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ రాక ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం గీసే వక్రరేఖ నుంచి వేగం రాబడతారు. దాని నుంచి ఒక్కో పొర వేగాన్ని విడదీసే సూత్రాన్ని 1955లో డిక్స్ ఇచ్చాడు. ఇందులో దాగిన సమస్య ఒకటుంది. లోతుకు కావలసింది నిలువు వేగం, కొలుస్తున్నది ఏటవాలుగా సాగిన దారుల మీద. షేల్ రాతిలో పలకల్లాంటి బంకమట్టి రేణువులు అడ్డంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి అడ్డవేగం నిలువు వేగాన్ని మించుతుంది. షేల్ లేకపోయినా ఇబ్బంది తప్పదు. తరంగదైర్ఘ్యం కంటే బాగా పలచనైన పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, విడిగా ఏ పొరలోనూ దిశాభేదం లేకున్నా అన్నీ కలిసి అనైసోట్రోపిక్ రాయిలాగే ప్రవర్తిస్తాయని 1962లో బాకస్ నిరూపించాడు.

1986లో లియోన్ థామ్సెన్ ఈ దిశాభేదాన్ని ఎప్సిలాన్, డెల్టా, గామా అనే మూడు అంకెల్లోకి కుదించాడు. అడ్డవేగానికీ నిలువు వేగానికీ ఉన్న తేడాను ఎప్సిలాన్ చెబుతుంది. నిలువుకు దగ్గరగా సాగే తరంగాన్ని శాసించేది మాత్రం డెల్టా. చాలా రాళ్లలో అనైసోట్రోపీ స్వల్పమేనని చూపించింది కూడా థామ్సెనే. మరి స్వల్పమైనదాన్ని వదిలేస్తే ఏం పోతుంది? నిలువు వేగం సెకనుకు 3000 మీటర్లు, డెల్టా 0.1 అనుకుందాం. వక్రరేఖ మనకు చూపే వేగం 3286 మీటర్లు. రానూపోనూ 2 సెకన్లు పట్టిన పొర నిజానికి 3000 మీటర్ల లోతులో ఉంటే, చిత్రంలో అది 286 మీటర్లు కిందికి దిగిపోతుంది. ఇది కాగితం మీది భయం కాదు. నార్త్ సీ బావులను పరిశీలించిన బానిక్, సైస్మిక్ లోతుల్లోని తప్పులకూ అక్కడి షేల్‌కూ గట్టి సంబంధం ఉందని 1984లోనే చూపాడు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, ఇలా తప్పు లోతు చూపే చిత్రం కూడా కంటికి చక్కగా, స్పష్టంగానే కనబడుతుంది.

1995లో అల్ఖలీఫా, స్వాంకిన్ ఈ చర్చను మరో మెట్టు ఎక్కించారు. అడ్డంగా పరుచుకున్న పొరల్లో, కాలాన్ని కొలతగా తీసుకునే చిత్రానికి రెండు విలువలు చాలునని వారు తేల్చారు: వక్రరేఖ ఇచ్చే వేగం, ఈటా అనే మరో అంకె. లోతుకు మించిన ఎడంలో వచ్చిన సంకేతాలను సరిచేశాక వాటి కొస హాకీ కర్రలా పైకి వంగితే, అది ఈటా ఉనికికి ఆనవాలు. ఈ ఫలితాన్నే తిరగేసి చదివితే, ఈ రెండూ ఎంత కచ్చితంగా దొరికినా నిలువు వేగం బయటపడదని తెలుస్తుంది. దాన్ని బావిలోనే కొలవాలి.

అంకెలు పెంచుకుంటూ పోతే ఏ దత్తాంశమైనా సరిపోతుందని, అది శాస్త్రం కాదని, సర్దుబాటని కొందరి ఆక్షేపణ. బావి తోడు లేకుండా డెల్టాను ఊహించి పెట్టే చోట ఆ మాట ఒప్పుకోవలసిందే. కానీ దిశాభేదం లేదనుకోవడం కూడా ఊహే. డెల్టాకు సున్నా అని విలువ ఇచ్చి, ఇచ్చిన సంగతి చెప్పకపోవడమే అది. పైగా బావి కొలతలు, ప్రయోగశాలలో రాతి నమూనాల పరీక్షలు, ఏటవాలు పొరల ప్రతిఫలనాలు ఈ అంకెలకు కళ్లెం వేస్తాయి.

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇదే పాఠం మరో కొలతలో కనిపించింది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం తవ్విన 10వ స్థలంలో, నిటారు పగుళ్ల నిండా హైడ్రేట్, అంటే మంచులాంటి గడ్డలో చిక్కుకున్న గ్యాస్, దొరికింది. దిశాభేదం లేదనుకుని విద్యుత్ నిరోధం నుంచి లెక్కగడితే రాతి రంధ్రాల్లో సగానికి పైగా, కొన్నిచోట్ల 80 శాతం దాకా హైడ్రేట్ ఉన్నట్టు తేలింది. ఒత్తిడి తగ్గకుండా పైకి తెచ్చిన నమూనాలు చూపింది 26 శాతం లోపే. పగుళ్ల దిశను లెక్కలోకి తెచ్చాక ఆ అంతరం బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. దిశను వదిలేసినందుకు అక్కడ తప్పింది లోతు కాదు, సంపద అంచనా.

అందుకే లోతు చూపే ప్రతి చిత్రం మీదా, ఏ డెల్టా వాడారో, అది ఏ బావి నుంచి వచ్చిందో రాసి ఉండాలి. అది లేని చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, దాన్ని నమ్మి బావి తవ్వకూడదు.