శూన్యపీఠములు: వాన్ గో కుర్చీచిత్రముల ధ్వని

మనుష్యుని విడిచి, అతడు కూర్చుండు పీఠమును మాత్రమే చిత్రించి దానిని అతని రూపచిత్రముగా నిలుపవచ్చునా? ఈ ప్రశ్నకు విన్సెంట్ వాన్ గో 1888 నవంబరులో ఫ్రాన్సునందలి ఆర్ల్ పట్టణమున ఆరంభించిన రెండు కుర్చీచిత్రములు చక్కని లక్ష్యములు. ఒక కుర్చీ తనది. రెండవది అప్పుడు తన యింటనే నివసించుచుండిన చిత్రకారుడు పాల్ గొగాన్‌ది. మొదటి చిత్రము నేడు లండన్ నేషనల్ గ్యాలరీలోను, రెండవది ఆమ్‌స్టర్‌డామ్‌నందలి వాన్ గో మ్యూజియములోను ఉన్నవి.

వాన్ గో కుర్చీకి చేతులు లేవు. అది గడ్డి అల్లిక గల పసుపుపచ్చని కొయ్యకుర్చీ. వేళ పగలు, నేల ఎఱ్ఱని పలకలది. ఆసనముపై పొగత్రాగు పైపును పొగాకును, వెనుక ఉల్లిగడ్డల పెట్టెయు కలవు. ఆ పెట్టెమీదనే చిత్రకారుడు తన పేరు వ్రాసికొనెను. గొగాన్ కుర్చీ వంపుచేతులు గలది. వేళ రాత్రి, ఆకుపచ్చని గోడపై దీపము, ఆసనముపై వెలుగుచున్న కొవ్వొత్తి, రెండు నవలలు.

1888 డిసెంబరు 23వ తేదీ కలహానంతరము గొగాన్ ఆర్ల్ విడిచిపోయెను. అందుచే ఈ కుర్చీల శూన్యతను విరహసూచనగా వ్యాఖ్యానించుట పరిపాటి యైనది. 1890 ఫిబ్రవరిలో విమర్శకుడు అల్బేర్ ఓరియేకు వ్రాసిన లేఖలో వాన్ గో స్వయముగా గొగాన్ చిత్రమును అతని శూన్యస్థానముగా పేర్కొనెను. కాని 1888 నవంబరులో సోదరుడు తియోకు వ్రాసిన లేఖలో ఆ ప్రసక్తి లేదు. అందున్నవి కొయ్య, గడ్డి, వర్ణములు, పగలు, రాత్రి. 1889 జనవరి లేఖలో తాను కోరినది స్వచ్ఛవర్ణములచే సాధించు కాంతియే యని చెప్పెను. ఎడబాటు తరువాతి మాటను, ఎడబాటునకు ముందు మొదలైన చిత్రమునకు ఏకైకవ్యాఖ్యగా గ్రహించుట యుక్తము కాదని మా అభిప్రాయము.

అట్లని ఇవి కేవలము వర్ణసాధనలనుటయు సరికాదు. ఆనందవర్ధనుడు చెప్పిన వివక్షితాన్యపరవాచ్యధ్వని ఇచట స్మరణీయము. వాచ్యము బాధితము కాకయే అన్యార్థమును స్ఫురింపజేయుట దాని లక్షణము. ఈ కుర్చీలు మనుష్యాకృతిని ధరింపవు, సంపూర్ణముగా కుర్చీలే. పగటికి రాత్రియు, పైపునకు నవలలును, నిరాడంబరమైన కొయ్యకు వంపుల చేతులును ఎదురు నిలిచినపుడు, ఆ భేదమునుండియే ఇరువురి స్వభావములు వ్యంజితములగుచున్నవి. ఒక్క చిత్రమునే చూచువారికి ఈ ధ్వని సగమే అందును.

చాటుకథలనుబట్టి శ్రీనాథుని పద్యములకు అర్థము నిర్ణయించు అలవాటు మనలోను కలదు. కవిజీవితము వ్యాఖ్యకు తోడు కావచ్చును, వాచ్యమును మ్రింగరాదు. పరిశోధకుడు మొదట కుర్చీని కుర్చీగా చూడవలెను.