బర్రె డాక్టరు, కుక్క డాక్టరు

పశువైద్యుడి సంపాదన చదువు కన్నా ఎక్కువగా అతని ముందుకొచ్చే జంతువును బట్టి ఉంటుంది. చదువు అందరికీ ఒకటే: బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్., ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ వైపు పిల్లలకు కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది.

పట్టా అందాక ఎక్కువమంది చూపు సర్కారు కొలువు మీదే. 2022 చివర్లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 185 వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు చూపిన స్కేలు రూ.54,220–1,33,630, భత్యాలు అదనం. పీజీ చేసి అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూలవేతనం రూ.57,700 నుంచి. సైన్యంలోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌లో కెప్టెన్‌కు రూ.61,300 నుంచి; సొంత ప్రాక్టీసు మానుకున్నందుకు అందులో 20 శాతం భత్యం కూడా.

పల్లెలో ప్రైవేటు ప్రాక్టీసు లెక్క వేరు. ఆర్మూర్ రైతుకు పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ యార్డుకు తోలితేగానీ డబ్బు చేతికి రాదు. ఈలోగా ఇంటి ఖర్చులకు ఆదరువు పాల బిల్లు. బర్రెకు పొదుగువాపు వస్తే ఆ బిల్లే తగ్గుతుంది, వైద్యానికీ అందులోంచే తీయాలి. గొర్రె విషయంలోనైతే దాని ధరను మించి ఖర్చు పెట్టే స్తోమత కాపరికి ఉండదు. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగితే డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి, గంటసేపు పెనుగులాడి, రెండు ప్రాణాలు నిలబెడతాడు. ఆ కష్టానికి తగ్గ ఫీజు అడగగలిగే డాక్టరూ, ఇవ్వగలిగే రైతూ అరుదు. పైగా సర్కారు పశువుల దవాఖాన, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే, 2017లో మొదలైన సంచార పశువైద్య వాహనం, ఉచిత గాలికుంటు టీకాలు ఉన్నాయి. రైతుకు ఇవి ఉండి తీరాలి. ప్రైవేటు డాక్టరుకు మాత్రం వీటివల్ల మిగిలే పని తక్కువ.

కోళ్ల కంపెనీల్లోనూ, మందుల కంపెనీల్లోనూ నెలజీతం ఉంటుంది. కోళ్ల షెడ్డులో ఒక్క రోగాన్ని సకాలంలో పట్టుకుంటే వేల కోళ్లు దక్కుతాయి కాబట్టి అనుభవానికి విలువెక్కువ.

హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లుల క్లినిక్ నడిపేవారికి గొర్రె కాపరి దగ్గరి ఆ ధర లెక్క అడ్డురాదు. కుక్కను కొన్న ధరతో పోల్చి వైద్యం మానేసే యజమాని తక్కువ. ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్, ఏటా టీకాలు, అన్నీ ఆదాయమే. అయితే పెట్టుబడి, అద్దె ముందే పెట్టుకోవాలి. అక్కడ అసిస్టెంటుగా చేరే కొత్త డాక్టరు జీతం చాలాచోట్ల సర్కారు స్కేలును అందుకోదు.

అమెరికాలో 2024 మేలో పశువైద్యుల మధ్యస్థ వార్షిక వేతనం 1,25,510 డాలర్లు. ఇక్కడి పట్టాతో వెళ్లినవారు అర్హత పరీక్షలు గట్టెక్కితేనే అది అందుతుంది. పశువుల డాక్టర్ల కొరత అక్కడి పల్లెల్లోనూ ఉంది. అందుకే కొరత ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేసేవారి చదువు అప్పులో కొంత అక్కడి ప్రభుత్వమే 2010 నుంచి తీరుస్తోంది.